మేడ మీది గదికి కూడా వైఫై అందాలంటే
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు కేటాయించిన విషయము "ఇంట్లో వైఫై". డి.ఏ. బకాయిలు, పి.ఆర్.సి., వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడుకొనే వేదికమీద ఇదేమి విషయమని కొందరికి అనిపించవచ్చు. నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా చేరి, తపాలా రిజిస్టర్లు, ఫైళ్ల మధ్య సర్వీసు ముగించుకొన్నవాడిని. అయితే ఏటా లైఫ్ సర్టిఫికేట్ల సమయంలో, కదలలేని పెన్షనర్ల ఇండ్లకు మన సంఘం తరఫున వెళ్లే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఆ పనిలో చూసినవి, తెలిసిన పిల్లలను అడిగి నేర్చుకొన్నవి, చేసి చూసి సరిపోయినవి మాత్రమే ఈరోజు మీకు మనవి చేస్తాను.

ముందుగా ఇది మనకెందుకు అనే ప్రశ్న. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికేట్ పద్ధతిని కేంద్ర ప్రభుత్వము 2014 నవంబరు 10న ప్రారంభించింది. అప్పట్లో వేలిముద్ర పెట్టే యంత్రం కావలసి వచ్చేది. మనలో చాలామందికి వయసు మీద పడి వేలిగీతలు అరిగిపోయినవి. 2021 నవంబరులో ముఖం చూపించి సర్టిఫికేట్ ఇచ్చే సౌకర్యం వచ్చింది. మంచి కెమెరా ఉన్న ఫోను, ఇంటర్నెట్టు ఉంటే మంచం మీద ఉన్న మనిషి కూడా కచ్చేరి గడప తొక్కకుండా పని పూర్తి చేసుకోవచ్చు. డాక్టరుతో ఫోనులో చూసి మాట్లాడే ఈ-సంజీవని వచ్చింది. కువైట్‌లోనో అమెరికాలోనో ఉన్న బిడ్డల ముఖం చూడాలన్నా ఇదే దారి. ఇవన్నీ ఇంటివరకు వచ్చినవి సరే, పడుకొన్న గదివరకు వస్తున్నాయా? నా అనుభవంలో చాలా ఇండ్లలో రావడం లేదు.

ప్రొద్దుటూరులో ఒక కుటుంబ పెన్షనరు ఇంటికి వెళ్లాను. ఆమెకు 84 ఏండ్లు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయినది. రెండో అంతస్తులో వెనుక గదిలో ఉంటారు. ఫోను ముందు కూర్చోబెట్టి ముఖం చూపిస్తే వృత్తం తిరుగుతూనే ఉంటుంది, పని జరగదు. గది లోపల మొబైలు సిగ్నలు కూడా ఒక గీతే. చివరకు ఇద్దరు మనవలు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా కిందికి మోసుకొని వచ్చినారు. "జేజీ, గట్టిగా పట్టుకో" అని పిల్లలు అంటుంటే, ఆమె కళ్లు మూసుకొని కుర్చీ చేతులు పట్టుకొన్న తీరు చూసి నాకు నోట మాట రాలేదు. ఇంటికి వైఫై లేక కాదు. నెలనెలా బిల్లు కడుతూనే ఉన్నారు. పెట్టె ఉన్నచోటు సరిగా లేదు, అంతే. మిత్రులారా, మన వయసులో మెట్ల మీద కాలు జారితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. రాత్రిపూట సిగ్నలు కోసం మెట్ల మలుపు దగ్గర నిలబడి మాట్లాడేవారు మనలో ఎందరో ఉన్నారు. అందుకే ఇది సరదా విషయం కాదని నా మనవి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంటర్నెట్టు రావడంలో రెండు భాగాలున్నవి. వీధిలోనుండి మన ఇంటి పెట్టెవరకు వచ్చేది ఒకటి. పెట్టెనుండి మన ఫోనువరకు గాలిలో వచ్చేది రెండవది. మొదటిది గాజుతీగ, అంటే ఫైబరు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు జాతికి అంకితం చేసినారు. ఆ తీగను కరెంటు స్తంభాల మీదుగానే లాగినారు. బి.ఎస్.ఎన్.ఎల్., తక్కిన ప్రైవేటు కంపెనీల వారు కూడా ఇప్పుడు ఇటువంటి తీగలే ఇస్తున్నారు. ఈ రెండు భాగాలలో లోపం ఎక్కడున్నదో తేల్చుకోకుండా ఖర్చు పెట్టడం, ఏ సెక్షనులో ఆగిందో విచారించకుండా ఫైలు కోసం కచ్చేరి అంతా తిరిగినట్లే.

తేల్చుకొనే పద్ధతి సులభం. ఫోను పట్టుకొని పెట్టె పక్కనే, నాలుగడుగుల దూరంలో నిలబడండి. వేగం కొలిచే యాప్‌తో కొలవండి. అక్కడే వేగం తక్కువగా ఉంటే లోపం వీధి తీగలోనో, కంపెనీలోనో ఉన్నది. ఫిర్యాదు చేయవలసినది వారికి. పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే కాంతి పెట్టెవరకు రావడమే లేదన్నమాట. పెట్టె దగ్గర వేగం బాగుండి, పైగదిలో లేకపోతే లోపం మన ఇంట్లోనే ఉన్నది. అప్పుడు ఎక్కువ ధర ప్లాను తీసుకొంటే ఏమీ మారదు. 40 ఎం.బి. ప్లాను పైకి అందకపోతే 100 ఎం.బి. ప్లాను కూడా అందదు. ముఖం చూస్తూ మాట్లాడడానికి 2, 3 ఎం.బి. వేగం నిలకడగా ఉంటే చాలును.

తరువాత ఒక తెల్లకాగితం తీసుకొని ఇంటి నక్ష గీయండి. ప్రతి గదికి ఒక అంకె వేయాలి. సిగ్నలు బలం చూపే యాప్‌లు ఉచితంగా దొరుకుతవి. అవి మైనస్ 50, మైనస్ 70 అని చూపుతవి. మైనస్ గుర్తు ఉంది కనుక చిన్న అంకె మంచిది, పెద్ద అంకె చెడ్డది. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 67 వరకు వీడియో మాటలకు ఇబ్బంది ఉండదు. మైనస్ 80 అయితే కష్టం. 10 అంకెలు పడిపోతే బలం పదోవంతు అయినట్లు లెక్క. అంటే మైనస్ 50 నుండి మైనస్ 80కి పోయిన గదిలో వెయ్యోవంతు మాత్రమే మిగిలినది. తలుపులు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి. ఈ నక్ష చేతిలో ఉంటే అంగడివాడు ఏది అంటగట్టబోయినా మీరు అడగవలసిన ప్రశ్న మీకు తెలుస్తుంది.

వైఫై అంటే రేడియోనే. ఒకప్పుడు మనం పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో విన్నవాళ్లం. దూరదర్శన్ వచ్చినప్పుడు మిద్దె ఎక్కి ఏంటెన్నా తిప్పుతూ, "బొమ్మ వచ్చిందా?" అని కిందికి కేకలు వేసినవాళ్లం. కాబట్టి ఇది మనకు తెలియని విద్య కాదు. వైఫైకి మొదటి ప్రమాణం 1997లో వెలువడినది. మనం కచ్చేరీలో కార్బను కాగితాలు పెట్టి టైపు కొట్టిస్తున్న రోజులవి. ఇండ్లలో ఇప్పుడు ఎక్కువగా రెండు రకాల తరంగాలు వాడుతున్నారు. 2.4 అనేది నెమ్మది, కాని గోడలను కొంత దాటుతుంది. 5 అనేది వేగం, కాని గోడ అడ్డం వస్తే తొందరగా చతికిలబడుతుంది. పెట్టె ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 వాడుకోవాలి. కొన్ని పెట్టెలు రెండింటికీ ఒకే పేరు పెట్టి ఫోనుకే వదిలేస్తవి. అది కుదరకపోతే రెండు పేర్లు వేరు చేయించుకోవచ్చు. 2.4లో పక్కింటివారి పెట్టెలతో గొడవ లేకుండా 1, 6, 11 అనే మూడు ఛానెళ్లు ఉన్నవి. ప్రొద్దుటూరు వంటి ఇరుకు వీధుల్లో ఇరుగుపొరుగు అందరిదీ ఒకే ఛానెలు అయితే సంతలో మాట్లాడినట్లు ఉంటుంది. ఖాళీగా ఉన్నదానికి మార్పించుకోవాలి.

అడ్డం వచ్చేవి ఏవి? ఇనుము అన్నిటికన్నా చెడ్డది. బీరువా, రోలింగ్ షట్టరు, నిలువుటద్దం వెనుక పూత, శ్లాబులోని కమ్మీలు. తరువాత నీళ్లు. నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్జు పక్కన పెట్టె పెట్టరాదు. ఆ తరువాత మందమైన రాతి గోడ. చెక్క తలుపు, పలుచని ఇటుక గోడ అంత అడ్డు కాదు. కొందరు పెట్టె అందంగా లేదని టి.వి. అల్మరాలో మూసి పెడతారు. అది దీపం వెలిగించి కుండ బోర్లించినట్లు.

ఏంటెన్నా గురించి ఒక మాట. నిలువుగా ఉన్న ఏంటెన్నా చుట్టూ సిగ్నలు గారె ఆకారంలో పరుచుకొంటుంది. ఏంటెన్నా గారె మధ్య చిల్లులో నిలబడ్డ పుల్ల వంటిది. పక్క గదులకు బాగా పోతుంది కాని, సూటిగా పైకి, కిందికి తక్కువ పోతుంది. మేడ ఇంట్లో రెండు ఏంటెన్నాలు ఉంటే ఒకటి నిలువుగా ఉంచి, ఒకటి అడ్డంగా వాల్చి చూడండి. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మూడు ఊళ్లలో మూడు ఇండ్ల సంగతి చెబుతాను. మూడూ మూడు రకాలు. మీ ఇల్లు వీటిలో ఏదో ఒకదానికి దగ్గరగా ఉంటుంది.

మొదటిది నేను చెప్పిన ప్రొద్దుటూరు ఇల్లు. అక్కడి బజారు వీధుల్లో ఇండ్లు ముందు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. కింద అంగడి, పైన కాపురం. పెట్టె అంగడిలో, షట్టరు పక్కన, నేలకు జానెడు ఎత్తులో ఉన్నది. సిగ్నలు సగం వీధిలోకి పోతున్నది. మేము చేసినది ఒక్కటే. తీగ వేసిన కుర్రవాడిని పిలిపించి, ఫైబరు పొడిగించి, పెట్టెను మొదటి అంతస్తులో, మెట్లు ఉన్న నడిమింటిలో, తల ఎత్తున బిగించినాము. మెట్ల దారి తెరిచి ఉండే బావి వంటిది కనుక సిగ్నలు దానిగుండా పైకీ కిందికీ పోతుంది. ఆమె గదిలో మైనస్ 84 ఉన్నది మైనస్ 66 అయినది. మరుసటి ఏడాది సర్టిఫికేట్ మంచం మీదనే అయిపోయినది. గాజుతీగను మాత్రం మనం సొంతంగా వంచరాదు, లాగరాదు. గట్టిగా మడిస్తే లోపల విరుగుతుంది.

రెండవది జమ్మలమడుగులో పాత మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, నాపరాయి పరిచిన నేల. మిద్దెలో సగం మీద తరువాతి కాలంలో రెండు గదులు కట్టినారు. వేసవిలో లోపల చల్లగా ఉంచే గోడలే వైఫైకి శత్రువులు. పెట్టె ఎక్కడికి మార్చినా రెండు గదులకు మించి పోలేదు. ఇటువంటి ఇంటికి గాలిని నమ్ముకోరాదు, తీగనే నమ్ముకోవాలి. కింది పెట్టెనుండి ల్యాన్ తీగ ఒకటి పైకి తీసుకొనిపోయి, అక్కడ రెండో రూటరు పెట్టి, దానిని యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్పించాలి. గోడకు రంధ్రం వేయడానికి ఆ ఇంటి పెద్దాయన ఒప్పుకోలేదు. "మా నాయన కట్టించిన గోడ, యంత్రం పెట్టనీయను" అన్నారు. ఆయన మాట న్యాయమే. చివరకు దారి చూపింది కూడా ఆయనే. "గవాచి ఉంది కదప్పా, దాంట్లోంచి లాగండి" అన్నారు. వెలుతురు కోసం పెద్దలు పెట్టిన గవాచి గుండా పైపులో తీగ పైకి పోయింది. వానకు నీరు దిగకుండా పైపు మూతిని వంచి మూసినారు. ఇప్పుడు పైన కింద కంటే బాగా వస్తున్నది.

ఈ తీగ పద్ధతిలో కొన్ని జాగ్రత్తలు. తీగ క్యాట్ 6 రకం, అసలు రాగిది అడగాలి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చౌకగా ఇస్తారు, అది తీసుకోవద్దు. 100 మీటర్ల వరకు లాగవచ్చు, మన ఇండ్లకు అంత అక్కరలేదు. కరెంటు వైర్లు పోయే పైపులోనే దీనిని దూర్చరాదు. రెండో రూటరుకు మొదటిదాని పేరు, పాస్‌వర్డే పెట్టిస్తే మీరు మేడ ఎక్కినప్పుడు ఫోను దానికదే మారుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకొంటున్న పిల్లలకు ఒక మాట చెప్పండి. శ్లాబు వేసేటప్పుడే ప్రతి అంతస్తుకు ఒక ఖాళీ పైపు వదిలితే, తరువాత గోడలు పగలగొట్టే పని ఉండదు.

మూడవది పులివెందులలో కొత్త ఇల్లు. మూడు అంతస్తులు, అన్నీ కమ్మీల శ్లాబులు, మెట్లకు గాజు అడ్డాలు. ఎక్స్‌టెండరు అనే చిన్న పెట్టెలు రెండు అప్పటికే కొన్నారు. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తవి, పని మాత్రం జరగదు. "అన్నా, గీతలన్నీ ఉండాయి, బొమ్మ మాత్రం కదలదు" అని ఆయన బాధ. చూస్తే, సిగ్నలు రాని గదిలోనే ఎక్స్‌టెండరు పెట్టి ఉన్నది. ఎక్స్‌టెండరు సొంతంగా ఇంటర్నెట్టు పుట్టించదు. విన్నదానిని మళ్లీ చెబుతుంది. దానికే సరిగా వినపడని చోట పెడితే ఏమి చెబుతుంది? మన ఫోనుకు ఎక్స్‌టెండరు దగ్గరగా ఉంది కనుక గీతలు నిండుగా ఉంటవి, ఎక్స్‌టెండరుకు పెట్టె అందడం లేదు కనుక పని జరగదు. దానిని సగం దారిలో, సిగ్నలు ఇంకా మైనస్ 65 ప్రాంతంలో ఉన్న మెట్ల మలుపు దగ్గర పెట్టినాము. వెంటనే మార్పు కనిపించినది.

అయినా దానికొక పరిమితి ఉన్నది. వచ్చిన ప్రతి కాగితాన్ని తానే తీసుకొని, తానే నకలు రాసి పంపే ఒంటరి గుమాస్తా వంటిది మామూలు ఎక్స్‌టెండరు. రాసేటప్పుడు తీసుకోలేడు, తీసుకొనేటప్పుడు రాయలేడు. అందువల్ల వేగం దాదాపు సగానికి పడుతుంది. దానికన్నా మెరుగైనది మెష్ అనే పద్ధతి. రెండు మూడు పెట్టెలు ఒకే కచ్చేరి సెక్షన్ల వలె కలిసి పనిచేస్తవి. పేరు ఒకటే, పాస్‌వర్డు ఒకటే. ధర ఎక్కువ. తీగ లాగడానికి వీలులేని పెద్ద ఇంటికి అది తగును. మెష్ పెట్టెలను కూడా ఒకదానికొకటి తీగతో కలిపితే ఇంకా మంచిది. వేసవిలో రేకుల గదిలో ఏ పెట్టె పెట్టవద్దు. మన ఎండలకు అది వేడెక్కి మొండికేస్తుంది.

కాబట్టి వరుస ఇది. ముందు కొలవడం. తరువాత ఉన్న పెట్టెను ఇంటి నడుమకు, ఎత్తుకు మార్చడం. అప్పటికీ అందకపోతే తీగ లాగి రెండో రూటరు. తీగకు దారి లేకపోతే మెష్. ఒక్క గదికే కొరత అయితే సగం దారిలో ఎక్స్‌టెండరు. నేను చూసిన ఇండ్లలో చాలావాటికి రెండో మెట్టుతోనే పని తీరిపోయినది. అంగడివాడు మాత్రం చివరి మెట్టునుండి మొదలు పెడతాడు. కొనేముందు, "పనిచేయకపోతే వాపసు తీసుకొంటారా?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట కన్నా కాగితం మేలని మనకంటే ఎవరికి తెలుసు?

మరి రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది. ఇన్వర్టరు ఉంటే పెట్టెను దాని లైనుకు కలపండి. లేకపోతే రూటరుకు వేరుగా చిన్న యు.పి.ఎస్. దొరుకుతుంది. పెట్టె అడుగున రాసి ఉన్న వోల్టు, ఆంపియరు చూసుకొని దానికి సరిపోయేదే తీసుకోవాలి. రెండు అంతస్తుల్లో రెండు పెట్టెలుంటే రెండింటికీ ఉండాలి. అలాగే రాతి గోడల మధ్య మొబైలు టవరు అందనివారు ఫోనులో వైఫై కాలింగ్ అనేదానిని తెరిచి పెట్టుకోండి. మన దేశంలో 2019 డిసెంబరు నుండి ఈ సౌకర్యం మొదలైనది. మీ ఫోను, మీ కంపెనీ దానిని ఇస్తుంటే మామూలు నంబరుకు వచ్చే కాల్సే వైఫై మీదుగా గదిలోకి వస్తవి. అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వచ్చిన మనిషి 108కి ఫోను చేయడానికి మెట్లు దిగవలసిన అవసరం ఉండకూడదు. అయితే అత్యవసరానికి దీనినొక్కదానినే నమ్ముకోక, పొరుగువారి నంబరు, వారికి వినపడే ఒక గంట కూడా ఏర్పాటు చేసుకోండి.

రెండవది భద్రత. పాస్‌వర్డు మీ పేరో, ఇంటి నంబరో పెట్టవద్దు. పెట్టె అడుగున అచ్చువేసి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డును మార్పించుకోండి. "లైఫ్ సర్టిఫికేట్ మేమే చేసిపెడతాం, ఓ.టి.పి. చెప్పండి" అని ఫోను చేసేవారికి ఏమీ చెప్పవద్దు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇంట్లో ఉన్న యువకులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ గదిలో బాగా వస్తే వైఫై బాగున్నట్లు కాదు. మీ ఇంట్లో అందరికన్నా తక్కువ నడిచేవారు ఎవరో వారి మంచం దగ్గర నిలబడి కొలవండి. అక్కడ వచ్చిన అంకే మీ ఇంటి అంకె. ఈ ఆదివారము ఒక గంట వెచ్చిస్తే చాలు.

కొలవడం తెలియనివారు, పిల్లలు దూరాన ఉన్నవారు మీ ఊరి యూనిట్ కార్యదర్శికి పేరు ఇవ్వండి. నక్ష గీయడానికి, పెట్టె ఎక్కడ పెట్టాలో చూడడానికి మేము నలుగురం వస్తాము. ఫీజు లేదు, మజ్జిగ ఇస్తే పుచ్చుకొంటాము.